ముప్పై వేలలో అండమాన్ స్కూబా: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచర్‌ని. నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ ఈ వేసవి సెలవుల్లో అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. మనిషికి 30 వేలు దాటకూడదు. స్కూబా డైవింగ్ చేయాలని నాకు ఎప్పటినుంచో కోరిక. కానీ ఈత రాదు, సైనస్ కూడా ఉంది. ఒక ఏజెంట్ ఐదు రాత్రులు, మూడు దీవులు, ‘ఫ్రీ స్కూబా’ అని ప్యాకేజీ ఇస్తానంటున్నాడు. విమానం ఖర్చు కాకుండా 19 వేలు. అమ్మేమో సముద్రం మాటెత్తితేనే వద్దంటోంది. వెళ్లొచ్చా? ప్యాకేజీ తీసుకోవాలా? అంత దూరం వెళ్తున్నాం కదా, కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే మంచిదా? వచ్చేటప్పుడు స్కూల్ ల్యాబ్‌కి గవ్వలు, పగడాలు తేవచ్చా?

సమాధానం: నిశ్చింతగా వెళ్లండి. ఈత రాకపోయినా మొదటి డైవ్ చేయొచ్చు. టికెట్లు రెండు నెలల ముందే తీసుకుంటే 30 వేలలో పని జరుగుతుంది. ప్యాకేజీ మాత్రం వద్దు. కోర్సు కూడా ఈసారికి వద్దు. సైనస్ సంగతి విడిగా, కాస్త వివరంగా చెబుతాను. మీ ఉత్తరంలో నేను నిజంగా పట్టించుకున్న విషయం అదే.

ముందు డబ్బు లెక్క. చిన్న బడ్జెట్‌తో వెళ్లేవాళ్లు మామూలుగా గది బాగుండాలని, అన్ని దీవులూ చూడాలని ఖర్చుపెట్టి, చివర్లో స్కూబా దగ్గర ఎవరు చౌకగా చేయిస్తారా అని బేరాలాడతారు. మీరు దీన్ని తిరగేయండి. గది తగ్గించుకోండి, దీవులు తగ్గించుకోండి, కారుకు బదులు బస్సెక్కండి. నీళ్లలోకి దిగే ఆ గంటకు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించకండి. అక్కడ మీ ఊపిరి ఇంకొకరి చేతిలో ఉంటుంది.

ఏజెంట్ చెప్పిన ‘ఫ్రీ స్కూబా’ సంగతి. ఉచితం అన్నాక ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. చాలాసార్లు అది ఇన్‌స్ట్రక్టర్ దగ్గరే సర్దుకుంటారు. ఒకరి వెనక ఒకరిని వరుసగా దింపుతారు, అడుగుకు తీసుకెళ్లి నాలుగు ఫొటోలు, ఒక వీడియో తీసి పైకి తెచ్చేస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది. పైగా కొన్ని ప్యాకేజీల్లో స్కూబా అంటే పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉన్న నార్త్ బే. పాత 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, లైట్‌హౌస్ బొమ్మ ఉంటుంది చూడండి, అదే. చూడటానికి బాగుంటుంది, కానీ పొద్దుటినుంచి పడవల రద్దీ. భయంభయంగా మొదటిసారి నీళ్లలోకి దిగే మనిషికి అది తగిన చోటు కాదు. మీ డైవ్ హావ్‌లాక్ దీవిలో పెట్టుకోండి.

అన్నట్టు పేర్లు మారాయి. 2018 చివర్లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ ఐలాండ్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేరు కనిపిస్తే కంగారుపడకండి. అక్కడి జనం ఇంకా పాత పేర్లే వాడుతున్నారు, నేనూ అవే రాస్తాను.

ఇక రోజుల సర్దుబాటు. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. నీటి ఒత్తిడిలో ఊపిరి పీల్చినప్పుడు మామూలుకన్నా ఎక్కువ నైట్రోజన్ రక్తంలో, కణజాలంలో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా విమానం ఎక్కితే క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ వాయువు బుడగలు కట్టవచ్చు. సోడా సీసా మూత తీసినప్పుడు జరిగేది అదే అని మీ పిల్లలకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలన్నది డైవర్ల నియమం. మీరు 24 గంటలు పెట్టుకోండి, లెక్క సులువు, టెన్షన్ ఉండదు. ఏజెంట్‌ని ఒక్క ప్రశ్న అడగండి: స్కూబా ఏ రోజు? చివరి రోజు పొద్దున్న చేయించి మధ్యాహ్నం విమానం ఎక్కిస్తానంటే, అక్కడితో మాట ముగించండి.

నేనైతే మీకు ఇలా వేస్తాను. మొదటిరోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి సెల్యులార్ జైలు చూసి అక్కడే పడుకోండి. రెండోరోజు పొద్దున్న ఫెర్రీలో హావ్‌లాక్. ఆ రోజు ఏమీ పెట్టుకోవద్దు. డైవ్ సెంటర్‌కి వెళ్లి ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడి, ఫారం నింపి, త్వరగా నిద్రపోండి. మూడోరోజు పొద్దున్న డైవ్. నాలుగోరోజు బీచ్‌లకు. మూడోరోజు గాలివాన వచ్చినా, మీ ముక్కు మూసుకుపోయినా ఈ నాలుగోరోజే ఆదుకుంటుంది, అందుకే దాన్ని ఖాళీగా ఉంచమంటున్నాను. ఐదోరోజు తిరిగి పోర్ట్ బ్లెయిర్, ఆరోరోజు విమానం. విమానం ముందురాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. సముద్రం బాగోకపోతే ఫెర్రీలు రద్దవుతాయి, విమానం మీ కోసం ఆగదు.

నీల్ ఐలాండ్ వదిలేయమంటున్నానని బాధపడకండి. అందమైన చిన్న దీవి, ఒక రోజంతా తీరిగ్గా సైకిల్ మీద తిరగాల్సిన చోటు. ప్యాకేజీవాళ్లు చూపించే రెండు గంటల నీల్ కోసం ఒక ఫెర్రీ టికెట్, ఒక పూట పోగొట్టుకోవడం దండగ.

ఖర్చులు అటూఇటూగా చెబుతాను, తేదీని బట్టి మారతాయి. వైజాగ్ నుంచి చెన్నై లేదా కోల్‌కతా మీదుగా రానుపోను విమానానికి 13, 14 వేలు పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం ఒక్కోసారి చౌకగా దొరుకుతుంది, కానీ హైదరాబాద్ రైలు ఖర్చు కలిపి చూసుకోండి. ప్రైవేటు ఫెర్రీకి రానుపోను మూడు వేల పైచిలుకు. ప్రభుత్వ ఫెర్రీ బాగా చౌక, కాకపోతే సీజన్‌లో పర్యాటకులకు టికెట్ దొరకడం కష్టం. దొరికితే అదృష్టమనుకోండి, దొరుకుతుందని లెక్క వేసుకోకండి. ముగ్గురూ ఒకే గదిలో ఉంటే మనిషికి రాత్రికి ఏడెనిమిది వందలు. తిండికి మొత్తం నాలుగు వేలు. బస్సులు, ఆటోలు, ఒకరోజు స్కూటీ అద్దె కలిపి వెయ్యి, పదిహేను వందలు. డైవ్‌కు నాలుగు నుంచి నాలుగున్నర వేలు, అదీ ఒడ్డునుంచి నడిచివెళ్లి దిగే రకానికి. పడవ మీద దూరం తీసుకెళ్లే డైవ్ ఇంకా ఎక్కువవుతుంది, మొదటిసారికి దాని అవసరం లేదు. అన్నీ కలిపితే 30 వేల దగ్గర ఆగుతుంది.

వైజాగ్ నుంచి ఓడ ఉంది కదా అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఉంది. బంక్ క్లాస్ టికెట్ విమానం కన్నా చాలా చౌక. కానీ నెలకు ఒకటో రెండో తిరుగుతుంది, తేదీలు మారుతుంటాయి, వెళ్లడానికే రెండున్నర మూడు రోజులు. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లే టీచర్లకు పనికొచ్చే ప్రయాణం కాదు.

తిండికి హావ్‌లాక్‌లో జెట్టీ దగ్గరి బజారు, గోవింద్‌నగర్ వైపు చిన్న హోటళ్లు చూడండి. ఆ దీవిలో 1950ల్లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలు స్థిరపడ్డాయి. అందుకే ఊళ్ల పేర్లు రాధానగర్, శ్యాంనగర్, విజయ్‌నగర్ అని ఉంటాయి. అన్నం, పప్పు, చేపల కూరతో బెంగాలీ భోజనం రిసార్టు ధరలో మూడో వంతుకు వస్తుంది, రుచీ దానిదే.

ఎప్పుడు వెళ్లాలంటే, ఏప్రిల్ చివరి వారం మీకు సరిగ్గా కుదురుతుంది. అప్పటికి సముద్రం నిమ్మళంగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి, డిసెంబరు నాటి రద్దీ ఉండదు. ఉక్కపోత ఉంటుంది, మన కోస్తావాళ్లకు అది కొత్తేం కాదు. మే మధ్య దాటనివ్వొద్దు. తుపానులు, ఆ వెంటే నైరుతి వానలు వస్తాయి.

ఇప్పుడు మీ సైనస్. డైవింగ్‌లో మొదటిసారి వెళ్లేవాళ్లను ఇబ్బందిపెట్టేది లోతూ కాదు, చేపలూ కాదు, చెవులు. పది మీటర్ల లోతుకు వెళ్తే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. చెవి లోపల, సైనస్ గదుల్లో ఉన్న గాలి ఆ ఒత్తిడికి నొక్కుకుపోతుంది. అందుకే దిగేటప్పుడు ప్రతి మీటరుకూ ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి, చెవుల్లో ‘టప్’మంటుంది, బరువు దిగిపోతుంది. జలుబుతో దారి మూసుకుపోయి ఉంటే ఆ టప్ రాదు, నొప్పి వస్తుంది. ఓర్చుకుని దిగితే కర్ణభేరికి దెబ్బ. బయల్దేరే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకుని, డైవింగ్‌కి వెళ్తున్నానని ఆ మాట చెప్పి మరీ అడగండి. ముక్కు దిబ్బడ తగ్గే మాత్ర వేసుకుని దిగొచ్చు అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నీళ్లలో ఉండగా మందు పనిచేయడం ఆగిపోతే, పైకి వచ్చేటప్పుడు ఆ గాలి బయటికి రాలేక ఇంకా పెద్ద బాధ.

డైవ్ సెంటర్‌లో ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, గర్భం వంటి ప్రశ్నలుంటాయి. పక్కనున్నవాళ్లు ‘అన్నిటికీ నో అని పెట్టేయండి మేడమ్’ అంటారు. పెట్టకండి. నిజం రాస్తే ఆపేస్తారేమో అని భయపడి అబద్ధం రాసే ఫారం కాదది. గర్భిణులు డైవ్ చేయకూడదు. నెలసరి రోజుల్లో చేయొచ్చా అని చాలామంది అడగలేక ఊరుకుంటారు కాబట్టి చెబుతున్నాను: ఒంట్లో బాగుంటే చేయొచ్చు, అభ్యంతరం లేదు.

బుక్ చేసే ముందు ఫోన్‌లో అడగాల్సినవి ఇవి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? ఈత రాని మనిషికి ఒక్కరికి ఒక్కరే ఉండాలి, ఇందులో సర్దుబాటు లేదు. ఆయనకు డైవింగ్ శిక్షణ సంస్థలైన పాడి (PADI) లేదా ఎస్ఎస్ఐ (SSI) ఇచ్చిన సర్టిఫికెట్ ఉందా? నీళ్లలో ఎన్ని నిమిషాలు? ఒడ్డున ఆక్సిజన్ కిట్ ఉందా? చెవులు సహకరించక మధ్యలో ఆపేస్తే మర్నాడు మళ్లీ ప్రయత్నించనిస్తారా? వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పేవాళ్ల దగ్గరే డబ్బు కట్టండి. ఐదొందలు ఎక్కువైనా సరే.

ఆ పొద్దున్న ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం సగం పోతుంది. హావ్‌లాక్ తూర్పు వైపు నీమో రీఫ్ అని ఉంది, మొదటి డైవ్‌లు ఎక్కువగా అక్కడే. ఒడ్డునుంచి నడుస్తూ ఛాతీ లోతు వరకు వెళ్తారు. సిలిండర్ ఒడ్డున మోయలేనంత బరువనిపిస్తుంది, నీళ్లలోకి రాగానే ఆ బరువు తెలియదు. ముక్కును కప్పేసే మాస్క్ పెడతారు, నోట్లో సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ పెడతారు. ఇక నోటితోనే పీల్చాలి, నోటితోనే వదలాలి. అక్కడే ముఖం నీళ్లలో పెట్టించి ఊపిరి సాధన చేయిస్తారు. మొదటి ఒకటి రెండు నిమిషాలు ఒంట్లో ప్రతి నరమూ పైకి లేవమంటుంది. లేవండి, తప్పేం లేదు. మళ్లీ ముంచండి. ఊపిరి చప్పుడు ఒక లయలో పడ్డాక మనసు దానంతటదే నెమ్మదిస్తుంది. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ వెనకనుంచి మీ సిలిండర్ పట్టుకుని తీసుకెళ్తారు. మీరు ఈదక్కర్లేదు. ఊపిరి ఒక్కటీ ఎప్పుడూ బిగబట్టకూడదు, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు.

సైగలు నేర్చుకునేటప్పుడు ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి. బొటనవేలు పైకి చూపిస్తే నీళ్లలో ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. మనవాళ్లకు ఈ అలవాటు గట్టిది. చేపను చూసిన సంతోషంలో బొటనవేలు ఎత్తుతారు, ఇన్‌స్ట్రక్టర్ పద్ధతి ప్రకారం పైకి తీసుకొచ్చేస్తారు. బాగుంది అనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. చెవి నొప్పి అయితే అరచేయి అటూఇటూ ఊపి చెవి చూపించాలి.

ఆరేడు మీటర్ల లోతులో ఏం కనిపిస్తుందంటే, సీ అనిమోన్ అనే పువ్వులాంటి సముద్ర జీవి వేళ్ల మధ్య దూరిపోయే నారింజ రంగు క్లౌన్ చేపలు, పగడాన్ని కొరుక్కుతినే చిలుక చేపలు, అడుగున కదలకుండా పడుకున్న సముద్ర దోసకాయలు. చిలుక చేప కొరికే చప్పుడు వినబడుతుంది కూడా. సైన్స్ టీచర్‌గా మీకు ఇంకొకటి కనిపిస్తుంది: ఎరుపు రంగు ముందు మాయమవుతుంది, మీ గోళ్ల రంగు కూడా మసకబారిపోతుంది. పగడాలన్నీ రంగురంగుల్లో ఉంటాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారి చనిపోయాయి. ఒడ్డు దగ్గర ఆ నష్టం ఇప్పటికీ కనిపిస్తుంది. కొన్నిచోట్ల కొత్తగా మొలుస్తున్నాయి. వాటిమీద కాలు పెట్టకండి, చేయి వేయకండి, అది ఎంత చిన్నదైనా. సన్‌స్క్రీన్ దట్టంగా పూసుకునేకన్నా పొడుగు చేతుల రాష్ గార్డ్ (నీళ్లలో వేసుకునే బిగుతు చొక్కా) వేసుకుంటే ఒంటికీ మంచిది, నీళ్లకూ మంచిది.

కోర్సు ఈసారి ఎందుకు వద్దంటే, మొదటి స్థాయి సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుకు మూడు నాలుగు రోజులు పడుతుంది, పాతిక ముప్పై వేల పైనే అవుతుంది, 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలుతూ ఉండాలి. ముందు ఈత నేర్చుకోండి. ఇప్పటినుంచి బయల్దేరేలోగా వైజాగ్‌లోనో మీ ఊళ్లోనో పూల్‌కి వెళ్లి, ముఖం నీళ్లలో పెట్టి నోటితో బుడగలు వదలడం ఒక్కటి వచ్చినా మీ డైవ్‌లో పది నిమిషాలు మిగులుతాయి. ఆ అనుభవం నచ్చితే మరోసారి కోర్సుకే వెళ్లండి. వైజాగ్ రుషికొండలో కూడా స్కూబా చేయిస్తారు, దగ్గర కూడాను. కానీ అండమాన్ నీళ్లంత తేటగా ఉండవు, మొదటి డైవ్‌కి ఆ తేట చాలా ధైర్యమిస్తుంది.

బీచ్‌ల విషయం కొంచెమే. రాధానగర్‌కి జెట్టీ నుంచి బస్సు ఉంది, దూరం 12 కిలోమీటర్లు. పొద్దు త్వరగా వాలుతుంది, ఐదున్నర దాటగానే అస్తమయం, కాబట్టి నాలుగుకల్లా అక్కడ ఉండండి. తూర్పు వైపు బీచ్‌లలో పోటు తగ్గితే సముద్రం చాలా దూరం వెనక్కిపోయి రాళ్లు తేలతాయి. గది చూసుకునేటప్పుడే పోటు వేళలు అడిగిపెట్టుకోండి, డైవ్ సమయం కూడా దాన్నిబట్టే ఉంటుంది. మడ చెట్ల పక్కన, వాగు కలిసే చోట మొసళ్ల బోర్డులు కనబడితే నవ్వుకుని దాటిపోకండి. 2010లో రాధానగర్ దగ్గర స్నార్కెలింగ్ (మాస్క్, గొట్టం పెట్టుకుని నీటి పైభాగాన ఈదడం) చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. లైఫ్‌గార్డులు ఉన్నచోటే, వాళ్లు చూపించిన హద్దులోనే దిగండి. ఇసుక ఈగలు కుడతాయి, గోకితే పుండ్లవుతాయి, కొబ్బరినూనె రాసుకుని వెళ్లండి.

అమ్మగారితో సముద్రం గురించి వాదించకండి. మూడోరోజు పొద్దున్న ఫలానా టైముకు దిగుతున్నాను, పక్కన ఒక మనిషి నన్ను పట్టుకునే ఉంటాడు, లోతు తాటిచెట్టంత కూడా ఉండదు, బయటికి రాగానే ఫోన్ చేస్తాను అని చెప్పండి. డైవ్ సెంటర్ నంబరు ఆమె దగ్గర పెట్టండి. పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, బజారులో మీ యాసే వినబడుతుందని కూడా చెప్పండి. ఆమెకు ఈ మాట మిగతా వాటికన్నా ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

గవ్వలు, పగడాలు తేవద్దు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఒడ్డున పడి ఉన్న చచ్చిన ముక్క అయినా సరే, విమానాశ్రయం తనిఖీలో పట్టుకుంటారు, కేసు కూడా కావచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో సముద్ర జీవుల మ్యూజియం సముద్రిక ఉంది. మొదటిరోజు సాయంత్రం అటు వెళ్లి, ఫొటోలకు అనుమతి ఉంటే తీసుకుని, ల్యాబ్ గోడకు ఆ ఫొటోలు పెట్టండి. నీళ్లలో ఇన్‌స్ట్రక్టర్ తీసే వీడియోను ఫోన్‌లోకి ఎక్కించుకోకుండా సెంటర్ నుంచి కదలకండి. తర్వాత పంపిస్తామంటారు, సీజన్‌లో వాళ్లకు గుర్తుండదు.